నల్లబల్ల నేర్పే పాఠం: వ్యాపారానికి వెబ్‌సైటు
(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గోదావరి తీరాన వెలసిన నాందేడ్ అనేక భాషల కూడలి. 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, అటుపిమ్మట బొంబాయి రాష్ట్రంలోను, 1960 మే 1 నుండి మహారాష్ట్రలోను భాగమైన ఈ జిల్లాకు నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాలు నేటికీ ఇరుగుపొరుగే. ఇక్కడి అంగడిలో కూర్చున్న తెలుగు వర్తకుడు ఒకరితో మరాఠీలోను, ఇంకొకరితో తెలుగులోను, మరొకరితో ఉర్దూలోనో హిందీలోనో మాట్లాడతాడు. వచ్చినవారి ముఖం చూసి, వారి భాషను, అవసరాన్ని గ్రహించి, తగిన సరుకును ముందుంచడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

అయితే నేడు కొనుగోలుదారు అంగడి గడప తొక్కడానికి ముందే చేతిలోని సెల్‌ఫోనులో వెదుకుతున్నాడు. ఆ ఫోనులో కనిపించని దుకాణం, అదే వీధిలో నలభై ఏళ్ళుగా ఉన్నా, కొత్త తరానికి లేనట్టే లెక్క. తండ్రి చెమటోడ్చి నిలబెట్టిన వ్యాపారం కొడుకు కాలానికి సన్నగిల్లితే, అది సరుకులోని లోపం వల్ల కాక, ఆ సరుకు సంగతి నలుగురికీ తెలియక పోవడం వల్ల కావచ్చు. “వెబ్‌సైటు అంటే ఇంగ్లీషు చదువులు చదివినవారి వ్యవహారం, తెలుగు మాధ్యమంలో చదివినవారికి అందేది కాదు” అనే సంకోచం ఎన్నో ఇళ్ళలో ఉన్నది. ఆ సంకోచం నిరాధారమని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం. మంచి వెబ్‌సైటుకు మూలం కంప్యూటరు విద్య కాదు. ఎదుటివాని అవసరాన్ని ముందుగా ఊహించగల బుద్ధి. ఆ బుద్ధిని పిల్లలు ప్రతిదినం నల్లబల్ల ఎదుట నేర్చుకుంటూనే ఉన్నారు.

నల్లబల్లపై వ్రాసే ఉపాధ్యాయుడు ఏమి చేస్తాడు? చివరి బెంచీలో కూర్చున్న పిల్లవానికి కనపడేటంత పెద్దగా వ్రాస్తాడు. ఒకసారికి ఒక విషయమే వ్రాస్తాడు. నిన్నటి తేదీని చెరిపి నేటి తేదీ వేస్తాడు. తన పాండిత్యం కనపడాలని కాక, పిల్లవానికి పాఠం అర్థం కావాలని వ్రాస్తాడు. వ్యాపారపు వెబ్‌సైటు కూడా అటువంటి నల్లబల్లయే. దానికి చివరి బెంచీ ఎక్కడో ఉన్నది: చత్వారం వచ్చిన నాయనమ్మ చేతిలో, చిన్న ఫోను పట్టుకున్న కూలీ చేతిలో, సిగ్నలు సరిగా అందని పల్లెలో.

కొంత చరిత్ర చెప్పుకోవడం అవసరం. ఇంగ్లండుకు చెందిన టిమ్ బెర్నర్స్ లీ 1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో పనిచేస్తూ, వేర్వేరు కంప్యూటర్లలో చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని లంకెలతో కలిపే ఆలోచన చేశారు. దానినే వరల్డ్ వైడ్ వెబ్ అన్నారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దానిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఆ ఔదార్యం వల్లనే నేడు చిన్న కిరాణా వర్తకుడు కూడా వెబ్‌లో తన పేరు నిలుపుకోగలుగుతున్నాడు. భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యాన్ని అందుబాటులోకి తెచ్చింది. 2002 ఆగస్టులో రైలు టిక్కెట్లను వెబ్‌సైటు ద్వారా కొనుక్కునే వీలు కలిగింది.

వెబ్‌సైటు వ్యాపారాన్ని ఎట్లా నిలబెట్టగలదో తెలియడానికి ఒక తెలుగు యువకుని ఉదాహరణ చాలు. 2005లో బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామ దీపావళి పండుగకు హైదరాబాదు వైపు ప్రయాణం పెట్టుకున్నారు. బస్సు టిక్కెట్టు కోసం ఒక ఏజెంటు నుండి ఇంకొక ఏజెంటు వద్దకు తిరిగారు, దొరకలేదు. పండుగకు ఇంటికి వెళ్ళలేక పోయారు. ఇటువంటి ఇబ్బంది పడినవారు వేలల్లో ఉంటారు. అయితే ఆయన విసుగుతో ఆగిపోలేదు. ఇబ్బందికి కారణమేమిటని విచారించారు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఒక్కచోట తెలిసే మార్గమే లేదని, ప్రతి ఏజెంటుకు తనకు పరిచయమున్న కొద్దిమంది బస్సు యజమానుల సంగతి మాత్రమే తెలుసునని గ్రహించారు. ఒకచోట సీటు ఖాళీగా పోతున్నది; ఇంకొకచోట ప్రయాణికుడు నిరాశతో వెనుదిరుగుతున్నాడు. లోపం బస్సులలో లేదు, సమాచారంలో ఉన్నది.

పిలానీలోని బిట్స్ విద్యాసంస్థలో తనతో చదువుకున్న సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ఆయన 2006లో రెడ్‌బస్ సంస్థను స్థాపించారు. మొదట బస్సు యజమానులకు సాఫ్ట్‌వేర్ ఇవ్వాలని ప్రయత్నించారు. వారు ఆసక్తి చూపలేదు. అప్పుడు ప్రయాణికుని వైపు తిరిగారు. ఆ వెబ్‌సైటు ప్రయాణికుని అడిగింది మూడే ప్రశ్నలు: ఎక్కడి నుండి, ఎక్కడికి, ఏ రోజు? సమాధానంగా బస్సుల పట్టిక, ధర, బయలుదేరే వేళ, ఎక్కే స్థలం కనిపించేవి. బస్సు లోపలి సీట్ల అమరిక బొమ్మగా కనిపించేది. కిటికీ పక్క సీటు కావాలో, ముందు వరుస కావాలో, స్త్రీలకు తోటి స్త్రీ పక్కన సీటు ఉన్నదో లేదో చూసుకుని ఎంచుకునే వీలు కలిగింది. ప్రయాణం చేసినవారి అభిప్రాయాలు రాబోయే ప్రయాణికులకు మార్గదర్శకమైనాయి. పిమ్మట బస్సు యజమానుల కోసం సీట్ల లెక్క చూసే సాఫ్ట్‌వేరును కూడా ఆ సంస్థ రూపొందించింది. 2013లో ఆ సంస్థను ఇబిబో సమూహం కొనుగోలు చేసింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఫణీంద్ర సామను తన ప్రధాన ఆవిష్కరణల అధికారిగా నియమించింది.

ఈ కథలోని నీతి గమనించదగినది. రెడ్‌బస్‌కు మొదట సొంతంగా ఒక్క బస్సు కూడా లేదు. ఉన్నదల్లా ప్రయాణికుని మనసులోని ప్రశ్నకు సూటిగా ఇచ్చిన జవాబే.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉన్నది. 1999 నవంబరులో లండన్ కేంద్రంగా బూ డాట్ కామ్ అనే దుస్తుల వ్యాపార సంస్థ తన వెబ్‌సైటును ప్రారంభించింది. కదిలే బొమ్మలు, వస్త్రాన్ని అన్నివైపులా తిప్పి చూపే చిత్రాలు, కొనుగోలుదారును పలకరించే ఒక కల్పిత సుందరి, ఇన్ని హంగులు సమకూర్చారు. కాని ఆనాటి ఇళ్ళలో టెలిఫోను తీగ ద్వారా వచ్చే నెమ్మదైన ఇంటర్నెట్ ఆ బరువును మోయలేక పోయింది. వచ్చినవారు ఎదురుచూసి, విసిగి వెళ్ళిపోయారు. సంస్థ విచ్చలవిడి ఖర్చు కూడా దానికి తోడైనది. పది కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి హరించి, 2000 మే నెలలో ఆ సంస్థ మూతపడింది. నల్లబల్లపై రంగురంగుల బొమ్మలు వేసి, పాఠం చెప్పడం మరచిన ఉపాధ్యాయుని వంటిదే ఆ వెబ్‌సైటు.

ఇక నాందేడ్ వ్యాపారుల విషయానికి వద్దాం. వెబ్‌సైటు తయారు చేయించేవారు మొదట రంగులను, బొమ్మలను గురించి ఆలోచించరాదు. ఒక కాగితం తీసుకుని, “వచ్చేది ఎవరు? వారు అడిగేదేమిటి?” అని వ్రాసుకోవాలి. ఉదాహరణకు గురుద్వారా సమీపంలో బస నడిపే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. అమృత్‌సర్ నుండి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే యాత్రికుడు అడిగేది గది అద్దె ఎంత, గురుద్వారాకు ఎంత దూరం, వేడినీళ్ళు ఉన్నాయా, అర్ధరాత్రి రైలు దిగితే తలుపు తీస్తారా అని. పెళ్ళిచీరల దుకాణానికి బోధన్ నుండో భైంసా నుండో వచ్చే ఇల్లాలు అడిగేది ధరలు ఎంత నుండి మొదలు, ఏ రోజు సెలవు, రవికె కుట్టి ఇస్తారా, రంగు నచ్చకుంటే మార్చుకోవచ్చునా అని. ధర్మాబాద్‌లోని మిర్చి వర్తకుని అడిగేది నేటి ధర, సరుకు రకం, ఎన్ని బస్తాలు ఉన్నాయి, జీఎస్టీ నంబరు ఏమిటి అని. ఈ ప్రశ్నలకు జవాబులు మొదటి పుటలోనే, వెదుకులాట లేకుండా దొరకాలి. దుకాణం స్థాపించిన తాతగారి ఫొటో, సంస్థ చరిత్ర తప్పక ఉండవచ్చును. కాని వాటి స్థానం రెండవ పుట.

రెండవది కంటికి ఇంపు, చదవడానికి సులువు. వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ 2008లో ప్రకటించిన నియమాల ప్రకారం సాధారణ అక్షరానికి, దాని వెనుకనున్న రంగుకు మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలి. లేత పసుపుపై తెల్లని అక్షరాలు వ్రాస్తే చూపు మందగించినవారికి కనపడవని దీని తాత్పర్యం. తెలుగు లిపికి ఇంకొక జాగ్రత్త కావాలి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలలో అక్షరం కింద ఒత్తులు, పైన గుడులు చేరుతాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే పరిమాణంలో వాటిని వేస్తే ముద్దగా కనిపిస్తాయి. కనుక తెలుగు అక్షరాలు కొంత పెద్దగాను, వరుసల మధ్య ఎడం కొంత ఎక్కువగాను ఉండాలి. వెబ్‌సైటును మొదట సెల్‌ఫోను తెరకు సరిపడేటట్లు రూపొందించి, పిమ్మట పెద్ద కంప్యూటరుకు విస్తరించడం ఉత్తమం. ఫోను నంబరును వేలితో తాకగానే పిలుపు వెళ్ళాలి. చిరునామాను తాకగానే దారి చూపే పటం తెరుచుకోవాలి.

మూడవది వేగం. వెబ్‌సైట్ల సౌలభ్యాన్ని జీవితకాలం పరిశీలించిన డెన్మార్క్ దేశీయుడు జాకబ్ నీల్సన్ 1993లో ప్రచురించిన గ్రంథంలో మూడు హద్దులు చెప్పారు. పదవ వంతు సెకనులో స్పందన వస్తే మనిషికి ఆలస్యమే తెలియదు. ఒక్క సెకను వరకు అతని ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే అతని ధ్యాస వేరే పనిమీదికి పోతుంది. ఇందుకు వర్తకుడు చేయదగిన సులువైన పని ఒకటున్నది. సెల్‌ఫోనుతో తీసిన ఫొటో నాలుగైదు మెగాబైట్ల బరువు ఉండవచ్చును. దానిని తగ్గించి రెండు వందల కిలోబైట్ల లోపుకు తెచ్చినా ఫోను తెరపై చీర అంచు చక్కగానే కనిపిస్తుంది. ఇరవై చీరల బొమ్మలకు ఈ మార్పు చేస్తే కలిగే లాభమెంతో లెక్కల పుస్తకం చదివిన పిల్లలే చెప్పగలరు.

నాల్గవది భాష. 1990లలో తెలుగు వెబ్‌సైటు చూడాలంటే దానికి తగిన అక్షరరూపాన్ని విడిగా కంప్యూటరులో దించుకోవలసి వచ్చేది. లేకుంటే అర్థంకాని గుర్తులు కనిపించేవి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం లభించినా, అది ఇంటింటి వాడుకలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నేడు ఆ కష్టం లేదు. సాధారణమైన ఫోనులోనూ తెలుగు, మరాఠీ, హిందీ అక్షరాలు కనిపిస్తాయి. కనుక నాందేడ్ వ్యాపారి తన వెబ్‌సైటును మరాఠీ, తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషలలో నడపవచ్చును. రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ధరల పట్టికను కాగితంపై వ్రాసి దాని ఫొటో పెట్టరాదు. బొమ్మలోని అక్షరాలు వెదికేవారికి సులువుగా దొరకవు. అంధులకు పుటను చదివి వినిపించే సాధనాలకు కూడా అవి సరిగా అందవు. రెండు, యంత్రం చేసిన అనువాదాన్ని చదవకుండా అంటించరాదు. ఆ భాష ఇంట మాట్లాడేవారొకరు చదివి సరిదిద్దాలి. అంగడిలో కొనేవారితో ఎట్లా మాట్లాడతామో, ఆ మర్యాద వెబ్‌సైటు మాటల్లోనూ ఉండాలి.

ఐదవది దారి సులువుగా ఉండడం. వస్తువు ఎంచుకోవడం, చిరునామా ఇవ్వడం, సొమ్ము చెల్లించడం, ఈ మూడు మెట్లతో పని ముగియాలి. చీర కొనడానికి వచ్చిన ఇల్లాలిని పుట్టినరోజు, వార్షికాదాయం అడగడం అనవసరమే కాక అమర్యాద. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పనికి అవసరమైనంత సమాచారమే అడగాలనే సూత్రాన్ని చెబుతున్నది. 2016లో యూపీఐ విధానం వచ్చిన పిమ్మట చిన్న వర్తకులకు కూడా సొమ్ము స్వీకరించడం సులువైనది. అయినా సొమ్ము చెల్లించడానికి సంకోచించే పెద్దల కోసం, సరుకు అందిన పిమ్మట చెల్లించే మార్గమో, ఫోను చేసి మాట్లాడే మార్గమో తెరిచి ఉంచడం మంచిది.

ఆరవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నమ్మకం. అంగడిలో వర్తకుని ముఖం కనిపిస్తుంది, వెబ్‌సైటులో కనిపించదు. ఆ లోటును స్పష్టమైన మాటలే తీర్చాలి. 2020లో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వెబ్‌సైటు ద్వారా సరుకు అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, ఫిర్యాదులు స్వీకరించే అధికారి వివరాలు ప్రకటించాలి. ఫిర్యాదు అందిన 48 గంటలలో అందినట్లు తెలపాలి. నెల రోజులలో పరిష్కరించాలి. 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మోసపు పోకడలను పేర్కొని నిషేధించింది. లేని తొందర పెట్టి “ఇక రెండే మిగిలాయి” అనడం, అడగని వస్తువును చడీచప్పుడు లేకుండా సంచిలో చేర్చడం, మొదట తక్కువ ధర చూపి చివరలో అదనపు ఖర్చులు కలపడం వాటిలోనివే. తూకంలో మోసం ఎంతటి తప్పో, తెరపై మోసం కూడా అంతటి తప్పే. ఒకసారి మోసపోయినవారు ఆ పుటకు తిరిగి రారు. వారి బంధువులూ రారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం అవసరం. వెబ్‌సైటు పేరును, అనగా డొమైన్ పేరును, వ్యాపారి తన పేరు మీదనే నమోదు చేయించుకోవాలి. తయారు చేసినవాని పేరు మీద నమోదైతే, వానితో మాట తేడా వచ్చిననాడు పేరే చేజారిపోవచ్చును. ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు మీద ఇల్లు వ్రాయించేవారు ఉండరు గదా! ఆ పేరుకు గడువు తీరకముందే రుసుము చెల్లించి పునరుద్ధరించుకోవాలి. చిరునామా మొదట ‘హెచ్‌టీటీపీఎస్’ ఉన్నదో లేదో చూసుకోవాలి. అది లేని పుటలను భద్రత లేనివిగా 2018 జూలై నుండి క్రోమ్ బ్రౌజరు సూచిస్తున్నది.

ఏడవది పరీక్ష. పాఠం చెప్పిన పిమ్మట పిల్లలకు అర్థమైనదో లేదో పరీక్షించనిదే ఉపాధ్యాయుడు ముందుకు పోడు. వెబ్‌సైటుకు కూడా పరీక్ష ఉన్నది. కాని అందులో పరీక్ష రాసేది వెబ్‌సైటే, వాడేవారు కాదు. జాకబ్ నీల్సన్ 2000లో చెప్పిన ప్రకారం ఐదుగురి చేత వాడించి చూస్తే చాలు, లోపాలలో అధికభాగం బయటపడుతుంది. కనుక పక్కింటి పెద్దమ్మను, పదవ తరగతి పిల్లవానిని, మరాఠీ మాత్రమే చదివే మిత్రుని, వ్యాపారంతో సంబంధం లేని మరి ఇద్దరిని పిలిచి ఫోను చేతికివ్వండి. “వెయ్యి రూపాయల లోపు చీర ఒకటి కొనండి” అని చెప్పి, పక్కన మౌనంగా కూర్చోండి. ఎక్కడ వారి వేలు ఆగిందో, ఎక్కడ నుదురు ముడిపడిందో వ్రాసుకోండి. “అక్కడ కాదండీ, ఇక్కడ నొక్కాలి” అని చెప్పవలసి వచ్చిన ప్రతిచోటా తప్పు వెబ్‌సైటుదే. దిద్దుకుని, మళ్ళీ ఐదుగురికి చూపండి.

చివరగా, వెబ్‌సైటును ప్రారంభించడం కన్నా నడపడం కష్టం. పోయిన ఏటి ధరలు, పని చేయని ఫోను నంబరు, గడచిన దీపావళి తగ్గింపు ప్రకటన ఉన్న పుట తాళం వేసిన దుకాణం వలె కనిపిస్తుంది. వారానికి ఒక గంట కేటాయించి, పాతది చెరిపి కొత్తది వ్రాసే బాధ్యతను ఇంట ఒకరికి అప్పగించాలి. ఆ బాధ్యత తీసుకోవడానికి పిల్లల కన్నా తగినవారు లేరు. సరుకు మంచిచెడ్డలు, కొనేవారి స్వభావం తండ్రికి తెలుసు. ఫోను మెలకువలు పిల్లలకు తెలుసు. ఈ రెండు విద్యలూ ఒక్కచోట కూర్చున్న ఇంట మంచి వెబ్‌సైటు పుడుతుంది. బయటి నిపుణుని పిలిపించినా, ఏమి చెప్పాలో నిర్ణయించవలసినది ఆ ఇంటివారే.

పూర్వ విద్యార్థులారా! తెలుగు మాధ్యమంలో చదివినందుకు వెనుకబడ్డామని ఎన్నడూ తలంచవద్దు. ఈ పాఠశాల డెబ్బై ఐదు సంవత్సరాలుగా మరాఠీ నేలపై తెలుగు నేర్పుతూ వచ్చింది. ఇక్కడ చదివినవారికి ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, అంగడిలో ఇంకొక భాష మాట్లాడడం పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎదుటివాని భాషలోకి వెళ్ళి పలకరించడమే వెబ్‌సైటు రహస్యమైతే, ఆ విద్యలో ఈ ఊరి పిల్లలకు సాటి ఎవరు? కావలసినది ధైర్యంతో మొదలుపెట్టడమే.

రేపు ఈ ప్రాంగణం దాటి ఇళ్ళకు వెళ్ళిన పిమ్మట, ఒక కాగితం తీసుకుని, దుకాణానికి వచ్చేవారు తరచుగా అడిగే పది ప్రశ్నలు తెలుగులోనే వ్రాయండి. వాటికి జవాబులు కూడా వ్రాయండి. మీ వెబ్‌సైటులో కష్టమైన సగం పని అప్పటికే పూర్తయినట్లు. మిగిలిన సగం సాధనాలతో సాధ్యమవుతుంది. వ్రాసేటప్పుడు చివరి బెంచీలోని పిల్లవానిని మాత్రం మరువకండి. అతనికి అర్థమైతే అందరికీ అర్థమైనట్లే.